సుబ్బారావు గారి మందు, పదహారు మంది పిల్లలు

యెల్లాప్రగడ సుబ్బారావు గారి గురించి మనకొచ్చే ఫార్వర్డులన్నీ (ఒకప్పుడు మెయిళ్ళు, ఇప్పుడు వాట్సాప్‌లు) దాదాపు ఒకేలా ఉంటాయి. భీమవరంలో పుట్టాడు, అమెరికా వెళ్ళాడు, ఏటీపీ కనుక్కున్నాడు, కాన్సర్ మందు కనుక్కున్నాడు, నోబెల్ ఇవ్వలేదు, మనవాళ్ళే మర్చిపోయారు. చివర్లో "తెలుగువాడివైతే పదిమందికి పంపు". ఇందులో అబద్ధం ఏమీ లేదు గానీ, ఉన్నది సగం కథే. మందు సీసాలోకి వచ్చేవరకు చెప్పి ఆపేస్తాం. సీసాలోంచి సూదిలోకి, సూదిలోంచి మొదటి మనిషి ఒంట్లోకి అది ఎలా వెళ్ళిందో ఎవరూ చెప్పరు. నాకైతే ఆ రెండో సగమే అసలు కథ అనిపిస్తుంది.

నేను డాక్టర్ని కాను. వరంగల్లో చదువుకుని సాఫ్ట్‌వేర్‌లో పడ్డ వేలమందిలో ఒకడిని. మన పనిలో కొత్త కోడ్‌ని తీసుకెళ్ళి నేరుగా ప్రొడక్షన్ మీద పెడితే మేనేజర్ ఊరుకోడు. డెవ్, టెస్ట్, స్టేజింగ్ అని మెట్లుంటాయి. మందులకి కూడా మెట్లున్నాయి: గాజు గిన్నెలో కణాలు, ఎలుకలు, ఆ తర్వాత ఇంకాస్త పెద్ద జంతువులు. కానీ మనిషికి స్టేజింగ్ సర్వర్ లేదు. ఎలుక మీద ఎంత బాగా పనిచేసినా, ఎవరో ఒక మనిషి మొదటివాడు కావాల్సిందే. పైగా అక్కడ రోల్‌బ్యాక్ ఉండదు.

సుబ్బారావు గారు 1895లో పుట్టారు. మెట్రిక్ మూడోసారికి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కోటు వేసుకుని సర్జరీ క్లాసుకి వెళ్ళినందుకు దొర ప్రొఫెసర్‌కి కోపం వచ్చి, చివరికి ఎంబీబీఎస్ బదులు ఎల్.ఎం.ఎస్. తోనే బయటకు రావాల్సి వచ్చింది. ఈలోపు ఇంట్లో ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే జబ్బుతో ఎనిమిది రోజుల తేడాలో చనిపోయారు. తిన్నది ఒంటికి పట్టక, విరేచనాలతో, రక్తం తగ్గిపోయి మనిషి కరిగిపోయే జబ్బు అది. అప్పట్లో దానికి మందు లేదు. 1923 అక్టోబరులో ఆయన బోస్టన్‌లో దిగారు. మూడేళ్ళలో వచ్చేస్తానని ఇంట్లో చెప్పి వెళ్ళారు (మనలో ఎంతమంది ఈ మాట చెప్పి విమానం ఎక్కలేదు!). మళ్ళీ ఇండియా రాలేదు. హార్వర్డ్‌లో పదిహేడేళ్ళు ఉండి, 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌లో ఉన్న లెడర్లీ కంపెనీకి మారారు. రెండేళ్ళకి అక్కడ రీసెర్చ్ డైరెక్టర్ అయ్యారు.

అసలు విషయానికొస్తే, ఈ కాన్సర్ మందు కథ కాన్సర్‌తో మొదలవలేదు. బొంబాయి బట్టల మిల్లుల్లో మొదలైంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ అక్కడికొచ్చి, మిల్లుల్లో పనిచేసే గర్భిణుల్లో కనిపించే తీవ్రమైన రక్తహీనతకి కారణం వెతికింది. మన ఆజంజాహీ మిల్లు ఇంకా పుట్టని రోజులవి. ఈస్ట్ నుంచి తీసిన మార్మైట్ అనే చవక పదార్థం తినిపిస్తే ఆ ఆడవాళ్ళు తేరుకున్నారని 1931లో రాసింది. అందులో ఉన్న ఆ తెలియని పదార్థమే తర్వాత ఫోలిక్ యాసిడ్ అని తేలింది. 1941లో పాలకూర జాతి ఆకుల నుంచి దాన్ని వేరు చేశారు. 1945లో సుబ్బారావు గారి టీమ్ ప్రయోగశాలలో తయారు చేయగలిగింది. అది స్ప్రూకి కూడా పనిచేసింది. అన్నదమ్ముల్ని తీసుకెళ్ళిన జబ్బుకి ఇరవై ఏళ్ళు దాటాక మందు ఆయన చేతిలోకొచ్చింది. ఇంతవరకూ మనం గర్వంగా చెప్పుకోదగ్గ కథే.

ఇక్కడి నుంచే కథ అడ్డం తిరిగింది.

న్యూయార్క్‌లో రిచర్డ్ లెవిసోన్ అనే సర్జన్ బృందం ఫోలిక్ యాసిడ్ లాంటి పదార్థాలు ఇస్తే ఎలుకల్లో కణితులు తగ్గుతున్నాయని చెప్పింది. లెడర్లీలో ఆ కుటుంబానికి చెందిన టెరోప్టెరిన్, డయోప్టెరిన్ అనే రెండు మందులు చేశారు. 1947 వేసవిలో టెరోప్టెరిన్ వేయించుకున్నవాళ్ళలో అమెరికా బేస్‌బాల్ దేవుడు బేబ్ రూత్ ఒకడు. (మనకి క్రికెట్‌లో సచిన్ ఎంతో, వాళ్ళకి ఆయన అంత.) కొంతకాలం కోలుకున్నాడు, బరువు పెరిగాడు. ఐతే అది మందు వల్లనా, అంతకుముందు ఇచ్చిన రేడియేషన్ వల్లనా అన్నది ఒక్క మనిషిని చూసి చెప్పలేం. మొదటి పరీక్షల్లో ఉండే మొదటి చిక్కు ఇదే. మరుసటి ఏడాది ఆగస్టు 16న ఆయన చనిపోయాడు.

అదే సమయంలో బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ అనే పాథాలజిస్టు ఈ రెండు మందుల్ని 90 మంది కాన్సర్ రోగులకి ఇచ్చి చూశాడు. పాథాలజిస్టు అంటే మైక్రోస్కోపు ముందు కూర్చుని, చనిపోయినవాళ్ళ శరీరాల్లో ఏం జరిగిందో చూసే మనిషి. ఆ అలవాటే ఇక్కడ పనికొచ్చింది. ల్యుకేమియా ఉన్న పిల్లల ఎముక మూలుగని పరీక్షించినప్పుడు జబ్బు తగ్గకపోగా మరింత వేగంగా పెరిగిన గుర్తులు కనిపించాయి. ల్యుకేమియా అంటే తెల్లరక్తకణాలు అదుపు తప్పి పెరగడం. కణం పెరగాలంటే డీఎన్‌ఏ కావాలి, డీఎన్‌ఏ తయారవ్వాలంటే ఫోలిక్ యాసిడ్ కావాలి. అంటే మంటకి పెట్రోలు పోసినట్టైంది.

ఈ వాక్యం దగ్గర కాస్త ఆగండి. మందు పేరుతో ఇచ్చినది కొంతమంది పిల్లల జబ్బుని పెంచింది. మనం పంపుకునే ఫార్వర్డుల్లో ఈ ముక్క ఉండదు. కానీ ఇది లేకపోతే తర్వాతది లేదు. ఫార్బర్ దాన్ని దాచలేదు. ఆ పెరుగుదలకి ఒక పేరు పెట్టి, బాహాటంగా రాశాడు. రాసి ఊరుకోకుండా తిరగేసి ఆలోచించాడు: ఇది పెంచితే, దీనికి విరోధి తగ్గించాలి కదా?

ఫోలిక్ యాసిడ్‌కి విరోధుల్ని తయారు చేసే పని సుబ్బారావు గారి టీమ్‌దే. ఒక్కో అణువుని కొద్దికొద్దిగా మార్చి బోస్టన్‌కి పంపించారు. మొదట వచ్చినవి అంతంతమాత్రం. డోరిస్ సీగర్, ఆమె సహచరులు చేసిన అమినోప్టెరిన్ మాత్రం వేరు. మన భాషలో చెప్పాలంటే అదొక డమ్మీ ఆబ్జెక్ట్. బయటి నుంచి చూస్తే ఫోలిక్ యాసిడ్ ఇంటర్‌ఫేసే, లోపల పని చేసే కోడ్ లేదు. కణంలో ఫోలిక్ యాసిడ్‌ని వాడుకోవడానికి ఒక ఎంజైమ్ ఉంటుంది. అది దీన్ని నిజమైనదనుకుని గట్టిగా పట్టుకుంటుంది, ఇక వదలదు. డీఎన్‌ఏ తయారీ నిలిచిపోతుంది. కాన్సర్ కణానికే కాదు, నోటి లోపలి చర్మం, పేగు, మూలుగ... వేగంగా పెరిగే ప్రతి మంచి కణానికీ ఇదే జరుగుతుంది. అంటే మందు, విషం ఒకటే. ఎంత ఇస్తే మందు, ఎంత దాటితే విషం అన్నది ఎవరికీ తెలియదు. తెలుసుకోవడానికి ఉన్నది ఒకటే దారి, ఇచ్చి చూడడం.

1947 డిసెంబరు 28న రెండేళ్ళ పిల్లవాడికి అమినోప్టెరిన్ ఇవ్వడం మొదలుపెట్టారు.

ఆ తేదీకి సుమారు నాలుగు నెలల ముందు, 1947 ఆగస్టులో, జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో నాజీ డాక్టర్ల మీద తీర్పు వచ్చింది. మనుషుల మీద ప్రయోగం చేయాలంటే ముందు ఆ మనిషి ఇష్టపూర్వకమైన అనుమతి ఉండాలన్నది ఆ తీర్పులోని మొదటి సూత్రం. ఐతే అది నాజీల కోసం రాసినదన్నట్టే మిగతా ప్రపంచం చాలాకాలం ప్రవర్తించింది. అమెరికాలో కొత్త మందు పరీక్షకి రోగి అనుమతి ఉండాలని చట్టం వచ్చింది 1962లో. బోస్టన్ వార్డులో ఆనాడు ఇప్పటిలాంటి ఎథిక్స్ కమిటీ గానీ, పది పేజీల అనుమతి పత్రం గానీ చట్టప్రకారం అక్కర్లేదు. ఆ ఆసుపత్రిలోనే చాలామంది డాక్టర్లు ఈ పని ఇష్టపడలేదు. ఎలాగూ పోయే పిల్లలు, ప్రశాంతంగా పోనివ్వండి అన్నది వాళ్ళ వాదన. దాన్ని కఠినం అని కొట్టిపారేయలేను. అప్పట్లో తీవ్ర ల్యుకేమియా వచ్చిన పిల్లలు వారాల్లో, నెలల్లో పోయేవారు. ఉన్న నాలుగు రోజుల్లో సూదులు పొడిచి, నోరంతా పుళ్ళు చేసి, చివరికి ఏమీ ఇవ్వలేకపోతే? ఈ ప్రశ్నకి ఫార్బర్ దగ్గర ముందస్తు సమాధానం లేదు. ఫలితం వచ్చాక మనం అతన్ని హీరో అంటున్నాం, అంతే.

1948 జూన్ 3న న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఆ పేపరు వచ్చింది. పదహారు మంది పిల్లలు. వాళ్ళలో చాలామంది మందు మొదలుపెట్టేటప్పటికే చావుబతుకుల్లో ఉన్నవాళ్ళు. పదిమందిలో జబ్బు స్పష్టంగా వెనక్కి తగ్గింది. ఆరుగురికి గుణం కనిపించలేదు. తగ్గినవాళ్ళలో కూడా అది కొన్ని వారాలు, నెలలే. నాకు ఆ పేపర్లో అన్నిటికంటే నచ్చేది దాని శీర్షికలో మొట్టమొదటి మాట: తాత్కాలికం. ప్రపంచంలో అంతవరకూ ఎవరూ చేయలేనిది చేసి, శీర్షికలోనే "ఇది తాత్కాలికం" అని రాసుకున్నారు. లోపల మందు చేసే హాని గురించి కూడా చెప్పి, దీన్ని నయం చేయడం అని అనుకోవద్దన్నారు. మనం ఒక పైలట్ ప్రాజెక్టు చేసి క్లయింటుకి పంపే స్లైడ్లతో పోల్చి చూసుకోండి!

పేపరు వచ్చిన రెండు నెలలకి, 1948 ఆగస్టులో, సుబ్బారావు గారు నిద్రలోనే గుండెపోటుతో పోయారు. వయసు 53. బేబ్ రూత్ కూడా అదే నెలలో, ఆ తర్వాత వారానికే పోయాడు. ఆ పిల్లలూ మిగల్లేదు.

మిగిలింది మాత్రం చాలా ఉంది. అమినోప్టెరిన్‌కి చుట్టమైన మెథోట్రెక్సేట్ కూడా లెడర్లీలోనే పుట్టింది. కాస్త సురక్షితమని 1950ల మొదటికే దాని చోటులోకి వచ్చేసింది. 1956లో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ దాన్ని గర్భానికి సంబంధించిన ఒక అరుదైన కాన్సర్‌కి వాడారు. ఆ కాన్సర్ ఉందని చెప్పే హార్మోను రక్తంలో పూర్తిగా పోయేవరకు మందు ఆపకూడదని లీ పట్టుబట్టాడు. బయటికి జబ్బు కనిపించకపోయినా విషం ఎక్కిస్తున్నాడని పైవాళ్ళు అతన్ని ఉద్యోగంలోంచి పంపేశారు. అతను వైద్యం చేసిన ఆడవాళ్ళు బతికారు. మందుతో మాత్రమే ఒళ్ళంతా పాకిన కాన్సర్ నయమవడం అదే మొదలు. 1960ల్లో మెంఫిస్‌లో డొనాల్డ్ పింకెల్ నాలుగైదు మందులు కలిపి పిల్లల ల్యుకేమియా మీద పోరాడాడు, సగం మంది బతికే రోజు వచ్చింది. పిల్లల్లో ఎక్కువగా వచ్చే రకం ల్యుకేమియాలో ఇవాళ సంపన్న దేశాల్లో పదిమందికి తొమ్మిదిమంది బతుకుతున్నారు. ఆ చికిత్సలో మెథోట్రెక్సేట్ ఇప్పటికీ ఉంది.

అంతదాకా ఎందుకు, హన్మకొండలో మా పెద్దమ్మకి కీళ్ళవాతానికి ఇచ్చేదీ ఇదే, చాలా తక్కువ డోసులో. వారానికి ఒక్కసారే వేసుకోవాలి. రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది. ఆమె దాన్ని "ఐతారం గోలీ" అంటుంది. మిగతా రోజుల్లో వేసుకునే ఇంకో చిన్న పసుపు గోలీ ఉంది. అది ఫోలిక్ యాసిడ్. విరోధి ఒకరోజు, అసలువాడు ఇంకోరోజు, రెండూ ఒకే డబ్బాలో. 1947లో బోస్టన్‌లో జరిగిన కథంతా పెద్దమ్మ గోలీల డబ్బాలో ఉంది. ఆమెకి ఎంత డోసు భరించగలదో డాక్టరు ధైర్యంగా రాస్తున్నాడంటే, ఎక్కడో ఎవరో ముందు భరించి చూపించారు కాబట్టి.

ఇప్పుడు ఇదంతా ఒక పద్ధతిలో పడింది. కొత్త కాన్సర్ మందుని మనుషుల మీద మొదటిసారి పరీక్షించే దశని ఫేజ్ 1 అంటారు. మామూలు మందులైతే ఆరోగ్యవంతుల మీద మొదలుపెడతారు. కాన్సర్ మందులు విషాలు కాబట్టి, వేరే దారులన్నీ మూసుకుపోయిన రోగులకే ఎక్కువగా ఇస్తారు. పాత పద్ధతిలో, పది శాతం ఎలుకల్ని చంపే డోసులో పదో వంతుతో మొదలు. ముగ్గురు రోగులకి ఇస్తారు. ఎవరికీ తీవ్రమైన హాని లేకపోతే తర్వాతి ముగ్గురికి ఇంకాస్త ఎక్కువ. ముగ్గురిలో ఒకరికి దెబ్బ తగిలితే అదే డోసు ఇంకో ముగ్గురికి. ఇద్దరికి తగిలితే అక్కడితో ఆపి, దాని కింద మెట్టుని సరైన డోసుగా తీసుకుంటారు. మనం కొత్త రిలీజుని ముందు ఒక శాతం యూజర్లకి ఇచ్చి, గ్రాఫులు చూసుకుంటూ పెంచినట్టు. తేడా అల్లా, ఇక్కడ ఎర్రర్ లాగ్ అంటే ఒక మనిషి వాంతి, జ్వరం, నెత్తురు.

ఇందులో మొదటి ముగ్గురి పరిస్థితి ఆలోచించండి. వాళ్ళకి ఇచ్చే డోసు ఎంత తక్కువంటే అది పనిచేసే అవకాశం దాదాపు లేదు. చివరి ముగ్గురికి పనిచేసే అవకాశం ఎక్కువ, హాని కూడా ఎక్కువే. ఫేజ్ 1 ఉద్దేశం ఆ రోగిని బాగుచేయడం కాదు, డోసు కనుక్కోవడం. 2005లో వచ్చిన ఒక పెద్ద లెక్క ప్రకారం, 1991 నుంచి 2002 మధ్య అమెరికాలో జరిగిన 460 ఫేజ్ 1 కాన్సర్ పరీక్షల్లో దాదాపు 12 వేలమంది పాల్గొన్నారు. కణితి తగ్గినవాళ్ళు 10.6 శాతం. మందు హాని వల్లనే పోయినవాళ్ళు 0.49 శాతం, అంటే రెండొందల మందికి ఒకరు. ఐనా చేరేవాళ్ళలో చాలామంది ఇది తమ వైద్యం కోసమే అనుకుని చేరతారు. అది వాళ్ళ తెలివితక్కువతనం కాదు. ఎదురుగా తెల్లకోటు వేసుకున్న మనిషి కూర్చుంటే, ఆయన మన కోసమే చేస్తున్నాడని కాక ఇంకేం అనుకుంటాం?

మన దగ్గరికొద్దాం. 1953 దాకా వరంగల్ జిల్లాలో భాగంగా ఉన్న ఖమ్మంలో 2009లో ఆడపిల్లలకి గర్భాశయ ముఖద్వార కాన్సర్ రాకుండా టీకాలు వేసే ప్రాజెక్టు నడిచింది. అది ఫేజ్ 1 కాదు, అప్పటికే అనుమతి ఉన్న టీకా. కొందరు పిల్లలు చనిపోవడంతో 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ చావులకి టీకా కారణం కాదని విచారణ చెప్పింది. కానీ అదే విచారణలో ఇంకోటి బయటపడింది: రెండు వేలకు పైగా అనుమతి పత్రాల మీద తల్లిదండ్రుల సంతకం లేదు, హాస్టల్ వార్డెన్ల సంతకం ఉంది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే కావచ్చు. ఎవరి పిల్లకి ఎవరు సంతకం పెట్టారన్నది వేరే ప్రశ్న.

2011లో గుంటూరు జిల్లా పిడుగురాళ్ళ నుంచి కూలి పని చేసుకునే ఆడవాళ్ళని డబ్బులిస్తామని హైదరాబాద్ తీసుకొచ్చి, రొమ్ము కాన్సర్ మందుకి నకలు సరిగ్గా ఉందో లేదో చూసే పరీక్షలు చేశారు. వాళ్ళకి కాన్సర్ లేదు, ఉన్నది పేదరికం. కొందరు జబ్బుపడ్డాక విషయం పేపర్లకెక్కి, ఆ పరీక్షాకేంద్రం అనుమతిని కేంద్రం నిలిపేసింది. 2017లో మా వరంగల్‌కి కూతవేటు దూరంలో, జమ్మికుంట వైపు, డబ్బు కోసం బెంగుళూరు వెళ్ళి మందుల పరీక్షల్లో పాల్గొన్న మగవాళ్ళ గురించి వార్తలొచ్చాయి. అదే జమ్మికుంట నుంచి అదే బెంగుళూరుకి అదే రైల్లో మన ఇంజనీర్లు కూడా వెళ్తారు. ఒకరు బుర్ర అమ్ముకోవడానికి, ఒకరు ఒళ్ళు అద్దెకివ్వడానికి.

అలాగని ఈ పరీక్షలు ఆపేయాలి అనేవాళ్ళతో నేను ఏకీభవించను. ఆపేస్తే మా పెద్దమ్మ గోలీ లేదు, పదిమందిలో బతికే ఆ తొమ్మిదిమంది పిల్లలూ లేరు. నేననేదల్లా, మొదట భరించేవాడికి తాను ఏం భరిస్తున్నాడో తెలియాలి, నష్టం జరిగితే చూసుకునే దిక్కుండాలి. కొంత మార్పు వచ్చింది కూడా. 2009 జూన్ నుంచి మన దేశంలో ప్రతి క్లినికల్ ట్రయల్‌నీ జాతీయ రిజిస్ట్రీలో నమోదు చేయాలి. దాన్ని ఆన్‌లైన్‌లో ఎవరైనా వెతుక్కోవచ్చు. 2013లో నష్టపరిహారానికి నియమాలు వచ్చాయి, 2019లో కొత్త నిబంధనలు వచ్చాయి. కాగితం మీద బాగానే ఉంది. కానీ కాజీపేటలో రైలెక్కి హైదరాబాద్ ఎంఎన్‌జే ఆసుపత్రి మెట్లెక్కే రైతుకి ఆ రిజిస్ట్రీ ఏం తెలుసు? మనకి తెలుసు. వెతకడం, చదవడం మన రోజువారీ పని. కాబట్టి ఇంట్లో ఎవరికైనా "కొత్త మందొచ్చిందట, ఉచితంగా ఇస్తారట" అని ఎవరన్నా చెబితే మనం నాలుగు ప్రశ్నలు అడగొచ్చు. ఇది ఏ ఫేజ్? ఇప్పటిదాకా ఎంతమందికి ఇచ్చారు, వాళ్ళకేమైంది? మధ్యలో వద్దంటే మామూలు వైద్యం కొనసాగుతుందా? ఏమన్నా ఐతే ఖర్చెవరిది? ఈ నాలుగింటికి సూటిగా జవాబు చెప్పే డాక్టరు దొరికితే సంతకం పెట్టడం గురించి ఆలోచించొచ్చు. విసుక్కుంటే లేచి వచ్చేయడమే.

సుబ్బారావు గారికి నోబెల్ రాలేదని బాధపడేవాళ్ళకి నాదొక్క మాట. ఆయన పేరు మీద 1995లో తపాలా బిళ్ళ వచ్చింది, పుస్తకాలొచ్చాయి, ఒక బూజుకి కూడా ఆయన పేరు పెట్టారు. ఆ పదహారు మందికి పేపర్లో ఒక అంకె మాత్రం మిగిలింది. వాళ్ళు తెలుగువాళ్ళు కాదు, వాళ్ళకోసం ఫార్వర్డు చేసేవాడూ లేడు. ఈసారి ఆయన కథ ఎవరికైనా చెప్పేటప్పుడు ఇంకొక్క వాక్యం కలపండి చాలు: ఆ మందు పనిచేస్తుందని మనకి చెప్పింది పదిమంది పిల్లలు, ఎక్కడ పనిచేయదో చెప్పింది ఆరుగురు.